మనం అంటే ఎవరెవరు?

ఇంటికొచ్చిన బాబాయి కాఫీ తాగుతూ కూర్చున్నాడు. నాలుగేళ్ళ పిల్ల పరిగెత్తుకొచ్చి, "బాబాయ్, రేపు మేం జూకి వెళ్తున్నాం" అంది. ఆయన గ్లాసు కింద పెట్టి, "మేమా? మనమా?" అని అడిగాడు. పిల్ల ఒక్క క్షణం ఆగి, తల్లి ముఖంలోకి చూసి, "మనం!" అని దిద్దుకుంది.

మేము, మనం అన్న మాటల తేడాని తెలుగు పిల్లలకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. పాలబుగ్గల వయసులోనే వచ్చేస్తుంది. ఇంగ్లీషులో 'ఉయ్' అన్నా, హిందీలో 'హమ్' అన్నా, వింటున్న మనిషి ఆ లెక్కలో ఉన్నాడో లేడో సందర్భాన్ని బట్టి ఊహించుకోవాలి. తెలుగులోనూ తమిళంలోనూ ఆ సంగతి మాటలోనే తేలిపోతుంది. ఎదుటివాణ్ణి లోపలికి పిలుస్తున్నామో, గడప అవతలే ఉంచుతున్నామో ఒక్క సర్వనామం చెప్పేస్తుంది.

ఇంకో మాట కూడా ఉంది మనకి. 'మనవాళ్ళు'. అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్తే ఓనరు "ఇంతకీ మీరేవిట్లు?" అంటాడు. పెళ్ళిలో పక్కన కూర్చున్న పెద్దాయన ఇంటిపేరు, ఊరు అడిగి, గొంతు తగ్గించి "మనవాళ్ళేనా?" అంటాడు. ఆయన ఏం అడిగాడో ఈ నేల మీద పుట్టిన వాళ్ళెవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు. పక్కనే వేలు పట్టుకుని నిలబడ్డ ఆరేళ్ళ పిల్లాడికీ అక్కర్లేదు. వాడికి ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు? గత యాభై ఏళ్ళుగా పిల్లల మనసుని పరిశీలిస్తున్న శాస్త్రవేత్తలు ఈ ప్రశ్నకి చాలా దూరం వరకు జవాబు పట్టుకున్నారు. ఆ జవాబులో ఎక్కువ భాగం మన వంటింట్లో, హాల్లో, బండి మీద వెనక సీట్లో జరిగేదే.

ట, త, కోతి ముఖం

1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు పసిపిల్లల చెవిని పరీక్షించారు. అందుకు వాళ్ళు ఎంచుకున్న ధ్వనుల్లో హిందీలోని 'ట', 'త' ఉన్నాయి. మనం పలక మీద వేరువేరుగా దిద్దుకునే ఆ రెండు అక్షరాలూ ఇంగ్లీషు మాట్లాడే పెద్దవాళ్ళలో చాలామందికి ఒకేలా వినిపిస్తాయి. వాళ్ళ పిల్లల సంగతి అలా లేదు. ఇంగ్లీషు తప్ప ఇంకో భాష వినని ఇళ్ళలోని ఆరు నుంచి ఎనిమిది నెలల శిశువులు ఆ తేడాని చక్కగా పట్టుకున్నారు. పది పన్నెండు నెలలు వచ్చేసరికి అలాంటి ఇళ్ళ పిల్లల్లో చాలామంది పట్టుకోలేకపోయారు. హిందీ వినే ఇళ్ళలోని పిల్లలకి మాత్రం ఆ శక్తి అలాగే ఉంది. ఇంగ్లీషు పిల్లల చెవికి ఏ లోపమూ రాలేదు. తన చుట్టూ ఏ తేడాలకి విలువ ఉందో అది నేర్చుకుంది, మిగతావాటిని వదిలేసింది.

కంటికీ ఇదే జరుగుతుంది. ఆరు నెలల పిల్లలు రెండు కోతుల ముఖాలని విడివిడిగా గుర్తుపడతారనీ, తొమ్మిది నెలలకి మనుషుల ముఖాలనే అలా గుర్తుపట్టగలరనీ 2002లో తేలింది. ఇక మనుషుల్లోకి వస్తే, అప్పుడే పుట్టిన బిడ్డ ఏ రంగు ముఖాన్నైనా ఒకేలా చూస్తుంది. మూడు నెలలకి తన ఇంట్లో కనిపించే తరహా ముఖాల వైపు ఎక్కువసేపు చూస్తుంది. 2006లో ఇజ్రాయెల్‌లో యాయిర్ బార్ హైమ్ బృందం ఒక ముఖ్యమైన సంగతి గమనించింది. ఇథియోపియాలో పెరుగుతున్న శిశువులు నల్లటి ముఖాల వైపు, ఇజ్రాయెల్‌లోని తెల్లవాళ్ళ శిశువులు తెల్లటి ముఖాల వైపు ఎక్కువ చూశారు. ఇథియోపియా నుంచి వలస వచ్చిన కుటుంబాల్లో పుట్టి, రోజూ రెండు రకాల ముఖాల మధ్యా పెరుగుతున్న శిశువులు మాత్రం ఏ వైపూ మొగ్గలేదు.

పాలు తాగే బిడ్డకి ద్వేషం ఉందని దీనర్థం కాదు. ఎక్కువసేపు చూడటం వేరు, ఈసడించుకోవడం వేరు. కానీ చుట్టూ ఎవరున్నారన్న లెక్క మూడో నెలలోనే మొదలవుతోంది. "చిన్నపిల్లలు, వాళ్ళకేం తెలుసు" అని మనం ఐదేళ్ళ దాకా వాయిదా వేసే పని, అప్పటికే చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

వాళ్ళంతే

ఒక తరగతిలో సగం మందికి పసుపుపచ్చ టీషర్టులు, సగం మందికి నీలం టీషర్టులు ఇస్తే ఏమవుతుంది? అమెరికాలో రెబెకా బిగ్లర్ 1990లలో ఇదే చేసి చూశారు. కొన్ని తరగతుల్లో టీచర్లు ఆ రంగుల గురించి ఒక్క మాట కూడా అనలేదు. కొన్నిటిలో మాత్రం "నీలం వాళ్ళు ముందు వరసలో నిలబడండి, పసుపు వాళ్ళు ఇటు రండి" అంటూ వాటిని వాడుకున్నారు. ఒక రంగు గొప్పదని ఎవరూ చెప్పలేదు. అయినా కొన్ని వారాల్లోనే రెండో రకం తరగతుల్లో పిల్లలు తమ రంగు జట్టే మెరుగైందని అనడం మొదలుపెట్టారు. మొదటి రకం తరగతుల్లో ఆ మొగ్గు లేదు. పిల్లల ఒంటి మీది చొక్కాలు రెండుచోట్లా అవే. పెద్దవాళ్ళు ఆ తేడాని పనికొచ్చే తేడాగా వాడారా లేదా అన్నదే ఫలితాన్ని మార్చింది.

దీనికంటే సూక్ష్మమైన ప్రయోగం న్యూయార్క్‌లో మార్జరీ రోడ్స్, సారా జేన్ లెస్లీ చేశారు, 2012లో అచ్చయింది. నా మటుకు ఈ అధ్యాయం మొత్తానికి ఇదే గుండెకాయ. వాళ్ళు 'జార్పీలు' అనే లేని జాతిని కల్పించి, నాలుగేళ్ళ పిల్లల కోసం ఒక బొమ్మల పుస్తకం తయారుచేశారు. ఒక్కో పేజీలో ఒక్కో జార్పీ. ఆడ, మగ, ముసలి, పడుచు, తెలుపు, నలుపు అన్నీ కలిసిన గుంపు అది. కొందరు పిల్లలకి "ఈ జార్పీకి అక్షింతల పురుగంటే భయం" అని చదివి వినిపించారు. ఇంకొందరికి "జార్పీలకి అక్షింతల పురుగులంటే భయం" అని చదివారు. బొమ్మలు అవే, పురుగూ అదే. కొన్నాళ్ళాగి పిల్లల్ని అడిగారు: ఒక జార్పీ బిడ్డని పుట్టగానే వేరేవాళ్ళు తీసుకెళ్ళి పెంచుకుంటే, ఆ బిడ్డ పెద్దయ్యాక ఎలా ఉంటుంది? 'జార్పీలు' అని బహువచనంలో విన్న పిల్లలు, ఆ బిడ్డ ఎక్కడ పెరిగినా జార్పీల్లాగే అవుతుందన్నారు. అది పుట్టుకతోనే ఒంట్లో ఉంటుందన్నట్టు మాట్లాడారు. పెద్దవాళ్ళ మీద ప్రయోగించినా ఇదే కనిపించింది.

అక్కడితో ఆగితే ఒక సంగతి తెలిసేది. వాళ్ళు ఇంకో అడుగు వేశారు. జార్పీలు లోపల నుంచే వేరు జాతి అని ముందుగా కొందరు తల్లిదండ్రుల్ని నమ్మించి, పిల్లలతో కలిసి పుస్తకం చూడమన్నారు. ఆ తల్లిదండ్రుల నోట తెలియకుండానే 'జార్పీలు ఇలా, జార్పీలు అలా' అన్న మాటలు ఎక్కువ వచ్చాయి. అమ్మానాన్నల నమ్మకం వాక్య నిర్మాణంలో కూర్చుని పిల్లల దగ్గరికి చేరింది. ఎవరూ ఎవరికీ చెడు నేర్పాలనుకోలేదు.

ఇప్పుడు మన ఇళ్ళలోకి వద్దాం. "వాళ్ళంతే." మనం రోజుకెన్నిసార్లు అంటాం ఈ మాట! ఆ వీధివాళ్ళంతే, ఆ జిల్లావాళ్ళంతే, ఆ మతంవాళ్ళంతే, బిహార్ నుంచి వచ్చిన కూలీలంతే, అత్తింటివాళ్ళంతే. మన సామెతల్లో కులాల పేర్లతో ఉన్నవి ఎన్నో. వాటిని ఇక్కడ రాయను, రాయకపోయినా చదువరికి రెండు మూడు ఈపాటికి గుర్తొచ్చే ఉంటాయి. ఎప్పుడో అమ్మమ్మ నోట విన్న ఒక వాక్యం అరవై ఏళ్ళ మనిషికి కూడా క్షణంలో తడుతుందంటే, అది ఎంత లోతుకి దిగిందో చూడండి.

మెచ్చుకోలుకీ ఇది వర్తిస్తుంది. "ఆడపిల్లలు నెమ్మదస్తులు", "వాళ్ళు వ్యాపారంలో దిట్టలు" అన్నవి తిట్లు కావు కానీ పని అదే చేస్తాయి. చివరికి "అమ్మాయిలు కూడా అబ్బాయిలంత బాగా లెక్కలు చేస్తారు" అన్న మంచి మాట కూడా వింటున్నవాళ్ళ మనసులో అబ్బాయిల్నే కొలబద్దగా నిలబెడుతుందని 2018లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చూపించారు. "అమ్మాయిలూ అబ్బాయిలూ లెక్కలు బాగా చేస్తారు" అంటే ఆ చిక్కు లేదు.

కాబట్టి ఇంట్లో చేయదగ్గ మొదటి పని ఉపన్యాసం కాదు, వ్యాకరణం. పిల్లాడు బడి నుంచి వచ్చి "హాస్టల్ వాళ్ళు దొంగలు" అంటే, "ఛీ, అలా అనకూడదు" అని ఆపేస్తే వాడు మాట ఆపుతాడు, నమ్మకం ఆపడు. "ఏం జరిగింది? ఎవరు తీశారు? నువ్వు చూశావా?" అని అడిగితే, కాసేపటికి ఒక పెన్సిలు, ఒక పిల్లాడు, ఒక మధ్యాహ్నం మిగులుతాయి. 'వాళ్ళు' అన్న గుంపు కరిగిపోయి ఒక మనిషి, ఒక సంఘటన బయటికొస్తాయి. కొన్నిసార్లు పెన్సిలు బ్యాగు అడుగునే దొరుకుతుంది.

కిటికీ గట్టు మీది గ్లాసు

మా వంటింటి కిటికీ గట్టు మీద ఒక స్టీలు గ్లాసు ఉండేది. అంచు ఒకచోట నొక్కుకుపోయిన పాత గ్లాసు. గిన్నెలు తోమడానికి వచ్చే ఆమె టీ తాగేది దాంట్లోనే. తాగాక తనే కడిగి, మళ్ళీ గట్టు మీదే బోర్లించేది. మా అమ్మాయి ఆమెని 'అత్త' అని పిలిచేది. అత్త అంటే దానికి ఇష్టం. మేమూ ఆమెతో గట్టిగా మాట్లాడింది లేదు. పండక్కి చీర పెట్టేవాళ్ళం. మాది మంచి ఇల్లని అనుకునేవాళ్ళం.

మా అమ్మాయికి ఐదేళ్ళప్పుడు ఒకరోజు బొమ్మలతో ఇల్లు ఆట ఆడుతోంది. చాప మీద బొమ్మలన్నిటినీ కూర్చోబెట్టి, ప్లాస్టిక్ కప్పుల్లో ఉత్తుత్తి టీ పోసింది. ఒక కప్పు మాత్రం తీసుకెళ్ళి గోడ వారన పెట్టింది. "అదెవరికమ్మా?" అన్నాను. "పనిచేసే బొమ్మకి" అంది, నా ప్రశ్నే వింతగా ఉన్నట్టు.

ఆ గ్లాసు గురించి మేం దానికి ఎప్పుడూ ఏమీ చెప్పలేదు. చెప్పలేదనే ఊరట కూడా ఆ రోజుతో పోయింది.

తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ఊళ్ళలోని టీ హోటళ్ళలో దళితులకి వేరే గ్లాసు పెట్టే పద్ధతి మీద ఎన్ని పోరాటాలు జరిగాయో మనకి తెలుసు. రెండు గ్లాసుల పద్ధతి తప్పని అనని చదువుకున్నవాడు లేడు. అదే రెండో గ్లాసు అపార్ట్‌మెంట్ల వంటిళ్ళలో, కిటికీ మీదో సింకు కిందో ఉంటుంది. 'శుభ్రత కోసం' అంటాం. పిల్లలకి శుభ్రత అర్థం కాదు, చోటు అర్థమవుతుంది.

వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో ఆలిసన్ స్కిన్నర్, ఆండ్రూ మెల్ట్‌జాఫ్, క్రిస్టినా ఓల్సన్ నాలుగైదేళ్ళ పిల్లలకి కొన్ని చిన్న వీడియోలు చూపించారు. అందులో ఇద్దరు స్త్రీలని వేరేవాళ్ళు పలకరిస్తారు. ఒకామెని నవ్వుతూ, ముందుకి వంగి, ఆప్యాయమైన గొంతుతో. ఇంకొకామెని ముఖం ముడుచుకుని, వెనక్కి జరిగి, పొడిపొడిగా. పలికిన మాటల్లో తేడా లేదు. తర్వాత ఎవరు నచ్చారని అడిగితే మూడింట రెండొంతుల మంది పిల్లలు నవ్వుతూ పలకరించిన స్త్రీ వైపే మొగ్గారు. మొగ్గు ఆమె స్నేహితురాలికి కూడా అంటుకుంది. 2017లో అచ్చయిన ఈ పరిశోధన కంటే ముందే, 2008లో ఇటలీలో లుయిజీ కస్తెల్లి బృందం ఇంకో కోణం చూపించింది. తెల్లజాతి పెద్దమనిషి నల్లజాతి వ్యక్తితో నోటితో స్నేహంగా మాట్లాడుతూ, ఒంటితో మాత్రం దూరంగా మసలితే, చూస్తున్న చిన్నపిల్లలు నోటిని వదిలేసి ఒంటినే అనుసరించారు.

అందుకే 'అందరూ సమానమే' అని గోడకి తగిలించిన మాట కంటే, ఇంటికొచ్చిన గ్యాస్ కుర్రాడికి ఏ గ్లాసులో నీళ్ళిచ్చామన్నది పిల్లలకి పెద్ద పాఠం. ఎవరికి కుర్చీ చూపించాం, ఎవరిని గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడాం, ఎవరిని 'మీరు' అన్నాం, వయసులో మనకంటే పెద్ద అయినా ఎవరిని 'నువ్వు' అన్నాం. మన భాషలో గౌరవం క్రియాపదం చివర్లో ఉంటుంది కాబట్టి దాచుకోవడం కూడా కష్టం. 'రండి'కీ 'రా'కీ మధ్య ఉన్న దూరాన్ని మూడేళ్ళ పిల్ల కొలిచి చెప్పగలదు.

మాట్లాడే తీరు

ఒంటి రంగు కంటే బలంగా పిల్లల్ని లాగేది ఉచ్చారణ. పారిస్‌లోనూ బోస్టన్‌లోనూ పది నెలల పిల్లల ముందు తెర మీద ఇద్దరు మాట్లాడారు, ఒకరు ఫ్రెంచి, ఒకరు ఇంగ్లీషు. తర్వాత ఇద్దరూ మౌనంగా బొమ్మలు చాపారు. పారిస్ పిల్లలు ఫ్రెంచి మనిషి బొమ్మనీ, బోస్టన్ పిల్లలు ఇంగ్లీషు మనిషి బొమ్మనీ ఎక్కువగా తీసుకున్నారు. కాథరీన్ కింజ్లర్, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు 2007లో దీన్ని ప్రకటించారు. రెండేళ్ళ తర్వాత ఇంకో సంగతి చూపారు. ఐదేళ్ళ తెల్ల అమెరికన్ పిల్లలు, తమ రంగులోనే ఉండి పరాయి యాసలో మాట్లాడే పిల్లాడి కంటే, వేరే రంగులో ఉన్నా తమ యాసలో మాట్లాడే పిల్లాణ్ణే స్నేహితుడిగా కోరుకున్నారు.

తెలుగువాళ్ళకి ఈ ప్రయోగం ఎంత దగ్గరిదో వేరే చెప్పాలా? దశాబ్దాల పాటు మన సినిమాల్లో హీరో కృష్ణా గుంటూరు భాష మాట్లాడాడు, హాస్యగాడూ రౌడీ తెలంగాణలోనో రాయలసీమలోనో మాట్లాడారు, పనివాడు శ్రీకాకుళంలో మాట్లాడాడు. 2017లో 'ఫిదా', 2023లో 'బలగం' లాంటివి వచ్చి కథ నడిపే మనుషుల నోట తెలంగాణ మాట పలికించేసరికి, ఒక తరం బాల్యమే గడిచిపోయింది. ఇంట్లో మామయ్య శ్రీకాకుళం యాసని అనుకరించి అందరినీ నవ్విస్తున్నప్పుడు, చూస్తున్న పిల్ల నవ్వుతూనే ఒక పాఠం నేర్చుకుంటుంది. రేపు తరగతిలో టెక్కలి నుంచి వచ్చిన అమ్మాయి నోరు విప్పగానే ఆ పాఠం అప్పజెపుతుంది. దీనికి విరుగుడు ఇంట్లో సులువుగానే దొరుకుతుంది. నామిని కథలు చిత్తూరు మాటలోనే పైకి చదవండి. ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు'లో నెల్లూరు జిల్లా ముస్లిం ఇంటి పిల్లాడి బాల్యం ఉంది, అది చదవండి. హైదరాబాదులోని అన్వేషి సంస్థ 2008లో దళిత, ముస్లిం బాల్యాల నుంచి తెచ్చిన పిల్లల కథల పుస్తకాలు ఉన్నాయి. 'బీదవాడి మీద జాలిపడు' అని చెప్పే కథలు కావివి. అందులోని పిల్లలకి ఆటలూ అల్లరీ ఆకలీ తలకాయ కూరా అన్నీ ఉన్నాయి.

ష్...

బస్సులో ఎదురు సీట్లో ఒకాయన కాలికి ఇనుప పట్టీలతో కూర్చున్నాడు. పిల్లాడు గట్టిగా, "అమ్మా, ఆ అంకుల్ కాలేంటి అలా ఉంది?" తల్లి గబుక్కున వాడి నోరు మూసి, "ష్, తప్పు" అంటుంది. ఆమెది మర్యాదే. కానీ పిల్లాడికి చేరింది వేరే. ఆ కాలిలో మాట్లాడకూడనిదేదో ఉందని వాడికి తెలిసింది.

టెక్సాస్‌లో బిర్గిట్ విట్రప్ కొన్ని తెల్ల కుటుంబాలని పిల్లలతో జాతి భేదాల గురించి ఇంట్లో మాట్లాడమని కోరితే, నిజంగా లోతుగా మాట్లాడగలిగినవాళ్ళు చాలా కొద్దిమంది. 'అందరూ ఒకటే' అన్న ఒక్క ముక్కతో తప్పించుకున్నవాళ్ళే ఎక్కువ. ఆ పెద్దలు చెడ్డవాళ్ళు కారు. ఏ మాట తప్పవుతుందో అన్న భయం. మనకీ అదే భయం.

ఆ భయానికి మందు సమాచారం. బస్సులో పిల్లాడికి నెమ్మదిగా చెప్పొచ్చు: "పోలియో అని ఒక జబ్బు ఉండేది. ఒక వైరస్ వెన్నులోకి వెళ్ళి కండరాన్ని కదిలించే నరాల కణాల్ని చంపేసేది. అప్పుడు కాలు ఎదగదు. ఆ పట్టీలు ఆయన నిలబడి నడవడానికి. నీకు నోట్లో రెండు చుక్కలు వేయించాం చూడు, అది రాకుండానే." మన దేశంలో చివరి సహజ పోలియో వైరస్ కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో నమోదైంది, 2014 మార్చి 27న మనకి పోలియో రహిత గుర్తింపు వచ్చింది. ఈ సంగతి పిల్లలకి కథలా చెప్పదగ్గది. ఆయన వింటున్నా పర్లేదు. నాకు తెలిసినవాళ్ళలో అలాంటి పట్టీలు వేసుకునే ఒకరు అన్నారు, జవాబు చెప్పే తల్లి ఎదురైన రోజు ప్రయాణం తేలిగ్గా ఉంటుందని. గుసగుసలే బరువు.

రంగు గురించీ అంతే. గర్భిణికి కుంకుమపువ్వు పాలు పట్టి, పుట్టిన బిడ్డని తిప్పి తిప్పి చెవుల వెనక రంగు చూసి, శనగపిండి నలుగు పెట్టి 'తేలుతుందిలే' అనే ఇళ్ళలో పెరుగుతున్నాం మనం. ఐదేళ్ళ పిల్ల "నేనెందుకు నల్లగా ఉన్నాను?" అంటే "నువ్వు నలుపు కాదమ్మా, చామనఛాయ" అని బుజ్జగిస్తాం. అంటే నలుపైతే బాధపడాల్సిందేనని ఒప్పుకున్నట్టే. చర్మంలో మెలనిన్ అనే రంగుపదార్థం తయారుచేసే కణాలు మనుషులందరిలో దాదాపు ఒకే సంఖ్యలో ఉంటాయి. అవి ఎంత మెలనిన్, ఏ రకం మెలనిన్ చేస్తాయన్నదే తేడా. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి లోపలి కణాలకి అది గొడుగు పడుతుంది. "మీ తాతమ్మలు వేల ఏళ్ళు మంచి ఎండలో బతికారు, నీకు మంచి గొడుగు ఇచ్చి వెళ్ళారు" అంటే పిల్లకి అర్థమవుతుంది, పైగా అది నిజం.

ఒకే జట్టు

ఇంట్లో ఎంత బాగా మాట్లాడినా, పిల్ల జీవితంలో తనలాంటి వాళ్ళు తప్ప ఇంకెవరూ లేకపోతే ఆ మాటలు గాలిలో ఉంటాయి. 1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ ఒక మాట చెప్పాడు. వేర్వేరు గుంపుల మనుషులు ఊరికే ఎదురైతే చాలదు, సమాన స్థాయిలో, ఒకే లక్ష్యం కోసం, పెద్దల మద్దతుతో కలిసి పనిచేస్తే అపోహలు తగ్గుతాయి. దీనికి మన దేశంలోనే రెండు గట్టి సాక్ష్యాలున్నాయి.

ఢిల్లీలో 2007 నుంచి ఖరీదైన ప్రైవేటు బడులు 20 శాతం సీట్లు పేద పిల్లలకి ఇవ్వాల్సి వచ్చింది. చదువులు పడిపోతాయని, పిల్లలు చెడిపోతారని తల్లిదండ్రులు గగ్గోలు పెట్టారు. ఆర్థికవేత్త గౌతమ్ రావ్ ఆ బడుల్లో ధనిక పిల్లల్ని పరిశీలించారు. పేద సహాధ్యాయులున్న తరగతుల్లో చదివిన ధనిక పిల్లలు ఇతరులతో పంచుకోవడానికి ఎక్కువ ముందుకొచ్చారు. రిలే పరుగు పందెంలో జట్టు ఎంచుకోమన్నప్పుడు, వేగంగా పరిగెత్తే పేద పిల్లాణ్ణి వదిలి నెమ్మదిగా పరిగెత్తే ధనిక పిల్లాణ్ణి తీసుకునే అలవాటు వాళ్ళలో తక్కువ. ఇంగ్లీషు మార్కులు కాస్త తగ్గాయి, హిందీలోనూ లెక్కల్లోనూ తేడా రాలేదు. 2009 విద్యాహక్కు చట్టం దేశమంతా ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు అన్నది. మన రెండు రాష్ట్రాల్లో దాని అమలు ఎంత నత్తనడకన సాగిందో తలుచుకుంటే నాకు బాధేస్తుంది. అక్కడ పోయింది పేద పిల్లల సీటు ఒక్కటే కాదు.

ఉత్తరప్రదేశ్ పల్లెల్లో మాట్ లో అనే పరిశోధకుడు వేర్వేరు కులాల కుర్రాళ్ళతో నెల రోజుల క్రికెట్ పోటీలు పెట్టించాడు. ఒకే జట్టులో కలిసి ఆడిన వేరే కులాల వాళ్ళ మధ్య స్నేహాలు పెరిగాయి. ప్రత్యర్థులుగా ఎదురైనవాళ్ళతో అలా జరగలేదు, కొన్ని విషయాల్లో దూరమే పెరిగింది. ఎదురుపడటం ఒక్కటే చాలదని ఆల్‌పోర్ట్ అన్నది ఇక్కడ మైదానంలో కనిపించింది. అందుకే కాలనీ పిల్లల ఆటలో వాచ్‌మన్ కొడుకుని బంతి తెచ్చేవాడిగా కాక, ఓపెనింగ్ బ్యాట్స్‌మన్‌గా చూడటంలో చాలా ఉంది.

దయ సంగతి

దయని బయటి నుంచి పోయాలని మనం అనుకుంటాం. జర్మనీలో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ తోమసెల్లో 2006లో పద్దెనిమిది నెలల పిల్లల ముందు బట్టలు ఆరేస్తూ క్లిప్పు జారవిడిచి, అందనట్టు చెయ్యి చాపారు. 24 మంది పిల్లల్లో 22 మంది ఏదో ఒక పనిలో సాయానికొచ్చారు. ఎవరూ అడగలేదు, శభాష్ అనలేదు. రెండేళ్ళ తర్వాత అదే ఇద్దరు, సాయం చేసిన పిల్లలకి బొమ్మ బహుమతిగా ఇచ్చి చూశారు. బహుమతి ఆగాక ఆ పిల్లలు, ఏమీ పుచ్చుకోనివాళ్ళ కంటే తక్కువ సాయం చేశారు. ప్రతి మంచి పనికీ స్టిక్కరో చాక్లెట్టో ఇచ్చే ముందు దీన్ని గుర్తుంచుకోవాలి. అయితే శిశువులు పుట్టుకతోనే మంచివాళ్ళని ఎంచుకుంటారన్న 2007 నాటి ప్రఖ్యాత ఫలితం, ఈమధ్య అనేక ప్రయోగశాలలు కలిసి వెయ్యిమందికి పైగా శిశువులతో పరీక్షించినప్పుడు నిలబడలేదు. కాబట్టి దయ పూర్తిగా పుట్టుకతో వచ్చిందనే భరోసా మనకి లేదు. క్లిప్పు అందించే చెయ్యి ఉంది. అది ఎవరెవరికి అందిస్తుందో ఇల్లు నేర్పుతుంది.

ఇంతసేపూ గ్లాసుకి ఇటువైపు ఉన్న పిల్లల గురించే మాట్లాడాను. 1940లలో అమెరికాలో కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు 253 మంది నల్లజాతి పిల్లల ముందు తెల్ల బొమ్మనీ నల్ల బొమ్మనీ పెట్టారు. పిల్లల వయసు మూడు నుంచి ఏడేళ్ళు. ఆడుకోవడానికి ఏది కావాలంటే మూడింట రెండొంతుల మంది తెల్ల బొమ్మ చూపించారు. చెడ్డగా కనిపించేది ఏదంటే ఎక్కువమంది నల్ల బొమ్మ చూపించారు. తర్వాత "నీలా ఉన్నదేది?" అని అడిగితే కొందరు ఏడ్చారు, కొందరు గదిలోంచి వెళ్ళిపోయారు. 1954లో అమెరికా సుప్రీంకోర్టు బడుల్లో జాతి విభజన చెల్లదని తీర్పిచ్చినప్పుడు ఈ పరిశోధన కూడా న్యాయమూర్తుల ముందు ఉంది.

మా అమ్మాయి బొమ్మలాట చూసిన మర్నాడు కిటికీ మీది గ్లాసు తీసేశాను. గిన్నెలు తోమే ఆమె వచ్చి, టీ వేళకి గట్టు మీద తడుముకుని, "నా గ్లాసేదమ్మా?" అంది. మేం తాగే కప్పులో పోసి ఇచ్చి, బల్ల దగ్గర కూర్చోమన్నాను. కూర్చోలేదు. నిలబడే తాగి, కప్పు రెండుసార్లు కడిగి, అలవాటుగా గట్టు మీదే పెట్టింది. మా అమ్మాయి స్టూలెక్కి దాన్ని తీసి స్టాండులో మిగతా కప్పుల మధ్య దూర్చింది. చాలా రోజులు ఇదే తంతు. ఆమె గట్టు మీద పెట్టడం, పిల్ల తీసి లోపల పెట్టడం.

ఒకరోజు ఉండబట్టలేక, "ఎందుకలా అక్కడే పెడతావ్?" అన్నాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ చెప్పింది: "అలవాటమ్మా. మా పాపకీ చెప్పి పెట్టాను, ఎవరింటికెళ్ళినా దాహమేస్తే దోసిలి పట్టు, గ్లాసు అడక్కు అని. దానికీ ఐదేళ్ళే."